పాత ఆటకు కొత్త మెరుగు



నలభై ఏళ్ళు దాటినవాళ్ళు కూడా చిన్నప్పటి వీడియో ఆటలను మళ్ళీ డబ్బు పెట్టి కొంటున్నారు. ఆడిన ఆటే గదా, మళ్ళీ కొనడమెందుకని మనకు అనిపించడం సహజం. ఇంటి ఖర్చు లెక్క చూసేది మనమే గనక, ఆ కొనేదేమిటో కాస్త తెలుసుకుందాం.

వీటిని రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. అంటే కథలోని వీరుడి పాత్ర మనమే వహించడమన్నమాట. కత్తులు, గుహలు, రాక్షసులు, మంత్రాలు, మన జానపద సినిమాల సరంజామా అంతా ఇందులోనూ ఉంటుంది. ఐతే ఏ దారిన పోవాలో, ఎవరితో తలపడాలో ఆడేవారే నిర్ణయించుకోవాలి. అందుచేత ఒక్కో ఆట ముగియడానికి చాలా రోజులు పడుతుంది.

జపానులో ఎనిక్స్ కంపెనీ 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’నూ, స్క్వేర్ కంపెనీ 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’నీ విడుదల చేశాయి. టీవీకి తగిలించే ఫామికామ్ పెట్టెలో కాట్రిడ్జి దూర్చి ఆడేవారు. డ్రాగన్ క్వెస్ట్‌ను ఆపి మర్నాడు అక్కడినుంచే సాగించాలంటే, తెరమీద కనబడే ఇరవై జపాను అక్షరాలను కాగితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పు పడిందా, అంతవరకు ఆడిందంతా వృథా! ఫైనల్ ఫాంటసీలో ఆ బాధ లేదు. కాట్రిడ్జిలోనే చిన్న బిళ్ళ బ్యాటరీ ఉండి, ఎంతవరకు ఆడామో గుర్తు పెట్టుకుంటుంది. కాని ఆ బ్యాటరీ అయిపోయిన నాడు ఆ గుర్తూ పోతుంది.

ఇలా పాత వస్తువులు మూలపడితే వాటితోపాటు ఆటలూ పోతాయి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం అంగట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. కాబట్టి పాత ఆట తిరిగి రావడం మంచిదే. ఎలా వచ్చిందన్నదే ముఖ్యం.

మన నగల సంగతే చూడండి. అమ్మమ్మగారి గొలుసుకు మెరుగు పెట్టించడం ఒకటి, దాన్ని కరిగించి కొత్త మోస్తరులో చేయించడం ఇంకొకటి. ఆటల్లోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి.

మెరుగు పెట్టడాన్ని రీమాస్టర్ అంటారు. 2021 జులై నుంచి 2022 ఫిబ్రవరి లోపల మొదటి ఆరు ఫైనల్ ఫాంటసీలూ ఇలా వచ్చాయి. వీటి వెనక ఒక స్త్రీ ఉందని చెప్పడం నాకెంతో సంతోషం. ఆమె పేరు కజుకో షిబుయా. మొదటి ఆటలో ఊళ్ళో నడిచే బొమ్మకు నిలువునా పదహారు, అడ్డంగా పదహారు గళ్ళే చోటు. గళ్ళ గుడ్డ మీద కుట్టు కుట్టినట్టు, ఆ కాస్త చోటులో, కొద్దిపాటి రంగులతో మనిషిని చూపించిందామె. కొత్త ప్రతికి బొమ్మలను మళ్ళీ దిద్దిందీ ఆమే. సంగీతాన్ని తొలినాటి స్వరకర్త నోబువో ఉఎమత్సు పర్యవేక్షించాడు. 2023లో టీవీ పెట్టెలకు వచ్చిన ప్రతిలో పాత సంగీతం కావాలో, కొత్తది కావాలో ఎంచుకోవచ్చు. అడుగడుగునా రాక్షసులు ఎదురుపడకుండా ఆపుకోనూ వచ్చు. ఇంటిపని ముగిశాక అరగంట మాత్రమే చిక్కేవారికి ఇది పెద్ద ఉపకారం సుమండీ.

కరిగించి చేయడాన్ని రీమేక్ అంటారు. 1997 నాటి ఏడవ ఫైనల్ ఫాంటసీ 2020లో అలా వచ్చింది. పాతదానిలో కొద్ది గంటల్లో దాటిపోయే మొదటి నగరం కథే కొత్తదానిలో ఒక పూర్తి ఆట అయింది. రెండవ భాగం 2024లో వచ్చింది. కథలోనూ, పోరాడే తీరులోనూ మార్పులున్నాయి. బాగుంది, కాని ఇది వేరే నగ. చిన్ననాటి ఆటే కావాలనుకుని కొన్నవారికి ఆశాభంగం కావచ్చు.

మెరుగు పెట్టినా కొంత తరుగు తప్పదు. 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం వచ్చిన మొదటి ఫైనల్ ఫాంటసీలో నాలుగు గుహలు అదనంగా చేర్చారు. 2021 ప్రతిలో అవి లేవు. పైగా ఐదు, ఆరు ఆటల కంప్యూటరు ప్రతులు అంతకుముందువి 2021 జులైలో అమ్మకంలోంచి తీసేశారు. కొత్తది వచ్చిందని పాతదాన్ని అలా తప్పించడం న్యాయమనిపించదు. రెండూ అంగట్లో ఉంటే ఏది కావాలో కొనేవారే తేల్చుకుంటారు గదా.

అందుచేత ఇంట్లోవాళ్ళు కొంటామన్నప్పుడు కాదనకుండా మూడు మాటలు అడగండి. ఇది మెరుగా, కరిగింపా? పాతదానిలో ఉన్నదేది ఇందులో లేదు? పాత ప్రతి ఇంకా దొరుకుతోందా? కంసాలి దగ్గర తరుగు లెక్క అడగనిదే లేవని మనకు ఈ బేరం కొత్తది కాదు. ఇంట్లో పాత పెట్టె, కాట్రిడ్జులు ఉంటే మాత్రం, కొత్తది వచ్చింది గదా అని పాత సామాన్లవాడికి వేసేయకండి.