నడుములో మంట, తుంటిలో బిగువు - కారణములేమి?

పరీక్షలు సమీపించగానే మన కళాశాలలో రెండు మాటలు తరచు వినవస్తాయి. "పాఠము పూర్తి కాలేదు" అన్నది ఒకటి, "నడుము పట్టేసింది" అన్నది రెండవది. మొదటి దానికి ఉపాయము అందరికీ తెలిసినదే. రెండవ దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనన్నదే మా తలంపు.

ఈ బాధ నేటిది కాదు. ఆయుర్వేదము దీనిని గృధ్రసి అన్నది. యునానీ వైద్యులు ఇర్కున్నసా అన్నారు. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథములో దీనిని వివరించినాడు. ఇంగ్లీషు వైద్యములో దీని పేరు సయాటికా. వెన్నుపూసల నడుమనున్న డిస్కు పొంగి నరమూలమును నొక్కుట దీనికి ముఖ్యకారణమని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ చూపినారు.

ముందుగా తుంటి సంగతి చూద్దాము. నడుము పూసల వద్ద పుట్టి, పొత్తికడుపు వెనుకగా దిగి, తొడ ఎముకను అంటుకొనే కండరమొకటి కలదు. మనము కూర్చున్నంతసేపు అది ముడుచుకొనే ఉంటుంది. గంటల తరబడి అట్లే ఉండి లేచినప్పుడు తుంటి బిగిసి, నడుము లాగినట్లగును. ఇందులో సాధారణముగా మంట గాని, తిమ్మిరి గాని ఉండదు.

నొప్పి మంటగా మారి, పిరుదు నుండి పిక్క వరకు, పాదము వరకు ప్రాకినచో నరమును అనుమానించవలెను. సయాటిక్ నరము మన దేహములోని నరములన్నిటిలో లావైనది. దగ్గినా, తుమ్మినా, ముందుకు వంగినా బాధ హెచ్చుట డిస్కు దోషమును సూచిస్తుంది. పిరుదులోని కండరము బిగిసినా ఈ నరమే నలుగవచ్చును. వెనుక జేబులో లావుపాటి పర్సు పెట్టుకొని కూర్చొనేవారు గమనింతురు గాక. బెల్టు మరీ బిగించినచో తొడ బయటివైపు మంట పుట్టవచ్చును. మధుమేహము వలన నరములు దెబ్బతినవచ్చును. నడుముకు ఒక ప్రక్కనే మంట పుట్టి, కొద్ది రోజులకు పొక్కులు లేచినచో అది సర్పి కావచ్చును.

యువకులు మరువరాని కారణము మరియొకటి కలదు. మా మిత్రుడొకడు ఏడాదికి పైగా తెల్లవారుజామున నడుము నొప్పితో మేల్కొనేవాడు. లేచిన గంటసేపు తుంటి బిగిసి ఉండేది. నడచిన కొలది తగ్గేది. కూర్చొనుట వలననే అని మేమందరము తేల్చి, బామ్ పూసి ఊరుకొన్నాము. తుదకు అది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలినది. విశ్రాంతితో తగ్గక, కదలికతో తగ్గుట ఈ వాపు వ్యాధి లక్షణము. పూసలు అతుకుకొనక మునుపే చికిత్స మొదలిడుట మేలు. మేము పోగొట్టిన ఆ ఏడాదియే ఈ వ్యాసమునకు కారణము.

సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట నడుము నొప్పితో కూడినచో వెన్నెముక క్షయను పరీక్షింపజేసుకొనవలెను. మూత్రము బంధించినా, అదుపు తప్పినా, మర్మావయవముల చుట్టూ స్పర్శ పోయినా, కాళ్ళు బలహీనపడినా ఒక్క పూట కూడ ఆగక ఆసుపత్రికి చేరవలెను.

తక్కిన సయాటికా బాధలు చాలవరకు కొన్ని వారములలో వాటంతట అవే శాంతిస్తాయి. మంచము పట్టి ఉండుట కంటె మెల్లగా తిరుగాడుటయే మంచిది. చదువు నడుమ అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేద్దాము. పఠనమందిరములో వీపున కానుడు లేని బల్లలను మార్చవలసినదిగా కళాశాల సంఘము వారిని సవినయముగా కోరుచున్నాము. నొప్పిని ఓర్చుకొనుట సుగుణమే. దాని కారణమును తెలిసికొనకుండుట మాత్రము సుగుణము కాదు.