పాత మారుతి మొరాయిస్తే..

ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం. మాచర్ల నుంచి మనిషిని తీసుకొని నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరిన పాత మారుతి రెంటచింతల దాటగానే బుస్సుమని ఆవిరి చిమ్మి ఆగిపోతుంది. చెట్టు నీడ కూడా దొరకని రోడ్డు. వెనుక సీట్లో రోగి. వేసవిలో ఈ దారిన ఇది అరుదైన దృశ్యమేమీ కాదు. పల్నాటి పల్లెల్లో పాత కారు షికార్లకు కొన్నది కాదు. వేళ కాని వేళ ఊళ్లో కదిలే బండి ఒక్కొక్కసారి అదొక్కటే. అందుకే దాని రోగాలు ఇంటి యజమానికి కొంతైనా తెలిసి ఉండాలి.

మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరు 14న రోడ్డెక్కింది. 2014 జనవరి 18న తయారీ ఆగిపోయింది. అంటే ఎంత చిన్న వయసు బండి అయినా పదేళ్లు దాటినదే. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. విప్పడం తేలిక, సామాను దొరకడం తేలిక, పల్లెటూరి మెకానిక్కు చేతికి లొంగే బండి. 2000 సంవత్సరం ప్రాంతం వరకు వచ్చినవి కార్బొరేటర్ బళ్లు. తరువాతివి కంప్యూటర్ పెట్టెతో పెట్రోలు చిమ్మే ఎం.పి.ఎఫ్.ఐ. బళ్లు. ఇంట్లో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోవాలి. ఎందుకంటే ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు.

బోరు నీళ్లే శత్రువు

ఈ ప్రాంతంలో పాత కార్లను ఎక్కువగా చంపుతున్నది వేడి. ఎండ ఒక్కటే కారణం కాదు. పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ల బట్టీలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు అన్నం పెడుతున్న ఆ రాయే బోరు నీళ్లలో కరిగి రేడియేటర్లోకి చేరుతోంది. టీ కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. అదే పొర రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ, ఇంజను లోపల నీటి దారుల్లోనూ కడుతుంది. నీళ్లు నిండుగా ఉన్నా బండి వేడెక్కడం దాని ఫలితమే. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడమే సరైన పద్ధతి. దారిలో గత్యంతరం లేక బోరు నీళ్లు పోసినా, ఇంటికి వచ్చాక ఆ నీళ్లు తీసివేయించాలి.

వేడి ముల్లు పైకి పోతోందని గమనించగానే ఏసీ ఉంటే ఆపాలి. హీటరు ఉన్న బండి అయితే, ఎంత ఉక్కగా ఉన్నా సరే, దాన్ని పూర్తిగా తిప్పాలి. ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుంది. ముల్లు దిగకపోతే బండి ఆపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి ఊరుకోవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. వెంటనే రేడియేటర్ మూత తిప్పుతారు. ఒత్తిడి మీద ఉన్న నీళ్లు మూత వదులు కాగానే ఆవిరిగా మారి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చేతులు, ముఖం బొబ్బలెక్కి ఆసుపత్రి పాలు కావలసి వస్తుంది. కనీసం అరగంట ఆగి, మందపాటి తడిగుడ్డ వేసి, మూతను ముందు సగం తిప్పి ఆవిరి పోనిచ్చి, ఆ తరువాతే తీయాలి. చన్నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించడం రెండో పొరపాటు. ఈ ఇంజను హెడ్డు అల్యూమినియంది. కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు తగిలితే వంకర పోతుంది, పగులుతుంది కూడా. ఇంజను చల్లారిన తరువాత స్టార్టు చేసి, నడుస్తుండగా కొంచెం కొంచెంగా పోయాలి.

నీళ్లు సరిగానే ఉన్నాయి, అయినా వేడెక్కుతోంది అంటే చూడవలసింది ముందున్న ఫ్యాను. ఇది కరెంటు ఫ్యాను. ఇంజను కాగినప్పుడు తనంతట తాను తిరగాలి. రోడ్డు మీద వేగంగా పోతుంటే బాగుండి, సంతలోనో గేటు దగ్గరో ఆగినప్పుడే ముల్లు లేస్తుంటే అనుమానం ఫ్యాను మీదే. ముందు ఫ్యూజు చూడాలి. కార్బొరేటర్ బళ్లలో తాళం తిప్పి ఉంచి, ఫ్యాను స్విచ్చి తీగలు రెండూ కలిపి చూస్తే అసలు సంగతి తేలుతుంది. ఫ్యాను తిరిగితే స్విచ్చి పోయినట్లు. తిరగకపోతే మోటారో, తీగలో చూసుకోవాలి. చేతులు మాత్రం రెక్కలకు దూరంగా ఉంచాలి.

నీళ్ల పంపును, డైనమోను తిప్పేది ఒకే బెల్టు. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ ఎర్ర దీపం వెలిగి, వెంటనే ముల్లు కూడా లేస్తే బెల్టు తెగినట్లే. అప్పుడు ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. థర్మోస్టాట్ తీసి అవతల పారేయడం ఇక్కడ చాలా షెడ్లలో అలవాటు. బండి చల్లగా నడుస్తుందని అంటారు కాని, ఇంజను కావలసినంత వేడి ఎక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. చెడిపోతే కొత్తది వేయించడమే మేలు.

సైలెన్సర్ నుంచి తెల్లని పొగ ఆగకుండా రావడం, రేడియేటర్లో బుడగలు లేవడం, ఇంజనాయిలు పాల కాఫీ రంగుకు తిరగడం.. ఈ మూడింటిలో ఏది కనిపించినా హెడ్ గాస్కెట్ పోయినట్లు అనుమానించాలి. అది కొన్ని వేల రూపాయలతో పోయే పని. నిర్లక్ష్యం చేసి నడిపితే మొత్తం ఇంజను పని కింద తేలుతుంది.

తాళం తిప్పితే పలకకపోతే

తాళం తిప్పగానే ‘టక్’ మని ఊరుకుంటే హెడ్‌లైట్లు వేసి చూడాలి. వెలుగు మసకగా ఉంటే బ్యాటరీ బలహీనం. అయితే కొత్త బ్యాటరీకి పరుగెత్తే ముందు టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని గమనించాలి. చాలాసార్లు దోషం దానిదే. ముందు నెగటివ్ తీగ, తరువాత పాజిటివ్ తీగ విప్పి, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి పైన గ్రీజు రాయాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివరిది కావాలి. లైట్లు బాగా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం తిరగకపోతే లోపం సెల్ఫ్ మోటారులోనో, దాని ఎర్తు తీగలోనో ఉంటుంది. కార్బొరేటర్ బండిని రెండో గేరులో పెట్టి తోసి స్టార్టు చేయవచ్చు. ఎం.పి.ఎఫ్.ఐ. బండిని అదే పనిగా తోయడం మంచిది కాదు. కాలని పెట్రోలు సైలెన్సర్లోని కన్వర్టర్లో చేరి దాన్ని పాడుచేస్తుంది.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. అప్పుడు రెండే ప్రశ్నలు. నిప్పు ఉందా, పెట్రోలు ఉందా? ప్లగ్గులు విప్పి చూస్తే అవే చెబుతాయి. లేత ఇటుక రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. జిడ్డుగా ఆయిలు ఉంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. పెట్రోలుతో తడిసి ఉంటే చోకు మరీ ఎక్కువసేపు లాగి ఉంచారన్న మాట. చోకు లోపలికి తోసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకొని, సెల్ఫ్ కొన్ని సెకన్లు కొట్టి, ఆగి, మళ్లీ కొడితే తడి ఆరి అందుకుంటుంది. కార్బొరేటర్ బండికి ప్లగ్గు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. పాయింట్లు ఉన్న పాత మోడల్ అయితే వాటి సందు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. వర్షాకాలం ఉదయం పూట మొరాయించే బండికి చాలాసార్లు డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి లోపలా బయటా పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

సెల్ఫ్ ఎన్నడూ లేనంత తేలికగా, గలగలా తిరుగుతుంటే మాత్రం సంతోషించరాదు. టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. ఇంక సెల్ఫ్ కొట్టకుండా బండిని మెకానిక్కుకు చూపించాలి.

వేసవిలో ఇంకొక చిక్కు. దూరం నడిచి, టీ తాగడానికి ఆపి, మళ్లీ తీస్తే కార్బొరేటర్ బండి స్టార్టు కాదు. పెట్రోలు పైపులోనే ఆవిరై పంపుకు అందదు. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ చుట్టి పావుగంట ఆగితే మళ్లీ నడుస్తుంది.

పెట్రోలు మారింది

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చింది. పాత బళ్లలోని రబ్బరు పైపులు, వాషర్లు, పంపు పొర ఈ పెట్రోలుకు తయారైనవి కావు. మెత్తబడి ఉబ్బడం, బీటలు వారడం జరుగుతుంది. కాగిన ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బానెట్ ఎత్తినప్పుడు పెట్రోలు వాసన వస్తే బండి తీయకుండా పైపులన్నీ చూపించాలి. మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే పైపు అడిగి వేయించాలి. పంపు పొర చిరిగితే పెట్రోలు ఇంజనాయిల్లోకి దిగుతుంది. పుల్ల తీసి చూస్తే ఆయిలు తగ్గాల్సింది పోయి పెరిగినట్లు కనిపిస్తుంది, వాసన కూడా కొడుతుంది. ఆ ఆయిలుతో నడిపితే బేరింగులు పోతాయి.

ఇథనాల్‌కు గాలిలో తేమ పీల్చే గుణం ఉంది. మిరప కోతల నుంచి మళ్లీ కోతల దాకా బండిని కొట్టంలో పెట్టేవారి ట్యాంకులో నీరు చేరి అడుగుకు దిగుతుంది. అటువంటి బండి కుదుపుతూ నడుస్తుంటే ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి. వారానికొకసారైనా పది కిలోమీటర్లు తిప్పే బండికి ఈ బాధ తక్కువ. గడ్డివాము పక్కన పెట్టే బండికి ఎలుకల బెడద వేరే. నిన్న బాగున్న బండిలో ఈరోజు ఒక్క లైటూ వెలగకపోతే, మెకానిక్కును పిలిచే ముందు బానెట్ కింద తీగలు కొరికి ఉన్నాయేమో చూడాలి.

బ్రేకుతో వాయిదా వద్దు

బండి పూర్తిగా మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు వస్తే ఇరుసు జాయింటు అరిగినట్లు. దాని రబ్బరు తొడుగు చిరిగిన రోజే మార్చి ఉంటే జాయింటు బతికేది. గేర్లు కరకరమని పడుతుంటే క్లచ్చి కేబులు వదులైందేమో చూసి బిగించుకోవచ్చు. ఇవి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు.

బ్రేకు అలా కాదు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతూ, రెండుమూడు సార్లు తొక్కితే గాని పట్టుకోకపోతే బండి ఉన్నచోటే ఉంచి మెకానిక్కును రప్పించాలి. బ్రేకు ఆయిలు కూడా తేమ పీలుస్తుంది. రెండేళ్లకు ఒకసారి మార్చాలి. తక్కువైందని ఇంజనాయిలు పోసినవారు ఉన్నారు. దానికి లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి, బ్రేకు మొత్తం విప్పవలసి వస్తుంది.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. గడువుకు ముందు 60 రోజుల్లోపు దరఖాస్తు చేయవచ్చు. బండిని పరీక్షకు తీసుకువెళ్లే ముందు బ్రేకులు, లైట్లు, హారను, పొగ సరిచూసుకొని వెళితే రెండోసారి తిరగవలసిన పని ఉండదు.