ముక్కూమొహం తెలియనివాడు మీదికొస్తే: వీధి బెదిరింపుల చుట్టూ అల్లుకున్న అపోహలు

చీకటి పడ్డాక వైన్స్ పక్కనో, బస్టాప్‌లోనో, సిగ్నల్ దగ్గరో ఎవడో తెలియనివాడు గొంతు పెంచి మీదికొస్తాడు. బండి అద్దం తగిలిందంటాడు, ఎందుకలా చూశావంటాడు, ఒక్కోసారి కారణమే చెప్పడు. అప్పుడేం చేయాలో బళ్లో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. తొడగొట్టమని సినిమా మాత్రం చెప్పింది.

అపోహ: వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

రోడ్డు మీద వినబడే రంకెల్లో చాలావరకు చేతులదాకా రావు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాండల్ కాలిన్స్ వీడియోలు, ఫొటోలు, చూసినవాళ్ల మాటలు ముందేసుకుని హింస మీద 2008లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికీ లోలోపల బెదురు ఉంటుందనీ, అందుకే చాలా తగాదాలు అరుపులతోనే చల్లారతాయనీ అందులో తేల్చాడు. చుట్టూ చేరినవాళ్లు ఎగదోస్తే మాత్రం కథ మారుతుంది. జైలు అధికారిగా పనిచేసి, అదే ఏడాది మరో పుస్తకం రాసిన రోరీ మిల్లర్ ఈ తంతుకు కోతుల నాట్యం అని పేరు పెట్టాడు. అందులో మెట్లుంటాయి. మొదట గుడ్లురిమి చూడడం. తర్వాత ‘ఏందిరా చూస్తున్నవ్?’. ఆ తర్వాత ఛాతీ విరుచుకుని దగ్గరికి రావడం, వేలు ఆడించడం, గుండె మీద చెయ్యేసి తోయడం. చివరికి దెబ్బ.

ఏ మెట్టు దగ్గరైనా ఇద్దరిలో ఒకరు దిగిపోతే తంతు ఆగిపోతుంది. అయితే అవతలివాడికి తనవాళ్ల ముందు తల ఎత్తుకునే వీలు మిగలాలి. ‘సారీ అన్నా, నిన్ను కాదు, ఏదో ఆలోచిస్తూ చూశా’ అంటే తనే గెలిచానని వాడు అనుకుంటాడు. అనుకోనీయండి, మళ్లీ జన్మలో కనబడని మనిషి దగ్గర మన పరువు కుదువ పెట్టినట్టేమీ కాదు. మన దగ్గర సగం గొడవలు అసలు విషయం మీద కాకుండా పిలుపు మీద రాజుకుంటాయి. అద్దం సంగతి పక్కకుపోయి ‘మర్యాద ఇచ్చి పుచ్చుకో’ అన్నది మొదలవుతుంది. కాబట్టి వాడు ‘రా’ అన్నా మీరు ‘అన్నా’ దగ్గరే ఉండండి. మీకంటే పెద్దవాణ్ని ‘తమ్ముడూ’ అనకండి. ‘నేనెవరో తెలుసా’, ‘దమ్ముంటే చెయ్యెయ్’ అనేవి సరే, ‘ముందు నువ్వు కూల్ అవ్వు’ అన్న మాట కూడా అగ్గి మీద పెట్రోలే.

నోటితో పాటు ఒంటినీ చూసుకోవాలి. రెండు చేతుల దూరం ఉంచండి. అరచేతులు తెరిచి ఛాతీ ఎత్తులో పెట్టండి. చూసేవాళ్లకు అది బతిమాలుతున్నట్టు కనబడుతుంది, దెబ్బ పడితే అడ్డం పెట్టుకోవడానికీ పనికొస్తుంది. గోడకీ బండికీ మధ్య ఇరుక్కోవద్దు. బండి మీద ఉంటే హెల్మెట్ తియ్యొద్దు. దాన్ని తీసి చేతిలో పట్టుకున్నారంటే తలకు కాపు పోతుంది, పైగా కొట్టడానికే తీశారని ఎదుటివాడు అనుకుంటాడు. కారులో ఉంటే అద్దాలెక్కించి, లాక్ వేసుకుని లోపలే ఉండండి. దిగి మాట్లాడదామన్న ఆలోచన దగ్గరే చాలా కథలు చెడిపోతాయి.

అపోహ: కళ్లలో కళ్లు పెట్టి చూస్తే బెదిరిపోతాడు.

కుక్క విషయంలోనే అది ప్రమాదం. తాగినవాడి విషయంలో చెప్పక్కర్లేదు. అలాగని తల వంచేసి నేల చూపులు చూస్తే వాడి చేతులేం చేస్తున్నాయో మీకు తెలియదు. చూపు వాడి భుజాల దగ్గర నిలిపితే రెండూ కుదురుతాయి.

అపోహ: ఒక్కటిస్తే దారికొస్తాడు, ఒక్క దెబ్బకి ఏమవుతుంది?

1988 డిసెంబరు 27న పటియాలాలో నడిరోడ్డు మీద ఆగి ఉన్న జిప్సీ గురించి మాటామాటా పెరిగింది. జిప్సీ దగ్గర ఉన్న వాళ్లలో ఒకరు అప్పటికే భారత క్రికెట్ జట్టుకు ఆడుతున్న నవజ్యోత్ సింగ్ సిద్ధూ, వయసు 25. గొడవలో దెబ్బతిన్న 65 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. 1999లో కింది కోర్టు సిద్ధూను వదిలేసింది. 2006లో హైకోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, గాయపరిచిన నేరానికి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. చివరికి 2022 మే 19న అదే సుప్రీంకోర్టు రివ్యూలో ఏడాది కఠిన కారాగారం విధించింది. ఈలోపు ఆయన ఎంపీ అయ్యాడు, మంత్రి అయ్యాడు, టీవీలో పగలబడి నవ్వాడు. 1988 నాటి ఆ గొడవ మాత్రం ముప్పై మూడేళ్లు దాటినా వెంట వస్తూనే ఉంది. పేరూ పలుకుబడీ లాయర్లూ ఉన్న మనిషి సంగతే అది, ఈఎంఐ కట్టుకునే ఉద్యోగి సంగతి మీరే ఊహించుకోండి.

దెబ్బ తగిలిన చోటు చిన్నదే కావచ్చు. పట్టు తప్పి పడ్డప్పుడు తల సిమెంటు రోడ్డుకో డివైడర్ అంచుకో కొట్టుకుంటుంది, ప్రాణం పోయేది అక్కడ. ఒక్క గుద్దుతో ఇలా పోయిన ప్రాణాలు ఆస్ట్రేలియాలో ఎంత కలకలం రేపాయంటే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో ప్రత్యేకంగా చట్టమే చేసింది.

‘ఆత్మరక్షణ అని చెప్పొచ్చుగా’ అనేవాళ్లుంటారు. చెప్పొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆ హక్కు గురించినవే. దానికి హద్దు గీసేది 37వ సెక్షన్. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం అడిగే వ్యవధి ఉంటే ఆ హక్కే ఉండదు. ప్రాణానికో మానానికో నిజంగా ముప్పు వచ్చినప్పుడు చట్టం మీ పక్షాన ఉంటుంది. వాడు వెనక్కి తిరిగి పోతుంటే వెంటపడి వేసిన దెబ్బ మాత్రం ఆత్మరక్షణ కిందికి రాదు.

పెప్పర్ స్ప్రే సంగతీ ఇంతే. కొనడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఎలాగైనా కొట్టొచ్చనుకోవద్దు. అది ప్రమాదకర ఆయుధమేనని 2024లో ఒక కేసులో కర్ణాటక హైకోర్టు వ్యాఖ్యానించింది. ఎదురుగాలి వీస్తే మండేది మీ కళ్లే.

అపోహ: బెదిరించేవాళ్లందరూ ఒకే రకం.

పైన చెప్పిన ‘సారీ అన్నా’ మంత్రం అందరి దగ్గరా పారదు. వాడికి కావలసింది ఏమిటో ముందు కనిపెట్టాలి. పదిమంది చూస్తుండగా అరిచేవాడికి కావలసింది గెలుపు. జనం లేనిచోట నెమ్మదిగా వచ్చి టైమెంత అని అడుగుతూ ఉండగా ఇంకొకడు మీ వెనక్కి చేరుతున్నాడంటే వాళ్లకు కావలసింది పర్సో ఫోనో. అక్కడ తర్కించొద్దు, ఇచ్చేయండి. బండి మీదొచ్చి గొలుసు తెంపుకుపోయే వాళ్లతో పెనుగులాడి రోడ్డు మీద పడితే గొలుసుకంటే విలువైనదే పోతుంది. మూడో రకం వాడు, తగలని బండికి తగిలావని డబ్బు గుంజేవాడు. సందులోకి రా, మాట్లాడుకుందామంటాడు. ‘స్టేషన్‌కే పోదాం అన్నా, అక్కడే తేల్చుకుందాం’ అని వెలుతురున్న చోటు నుంచి కదలకుండా ఉంటే చాలాసార్లు వాడికే పనులు గుర్తొస్తాయి.

అపోహ: ఆడపిల్ల విననట్టు తల దించుకుపోతే వాడే ఊరుకుంటాడు.

వెంటపడేవాడికి సారీ చెప్పాల్సిన పని ఏ అమ్మాయికీ లేదు. ఇక్కడ మౌనంగా ఉంటే వాడికి లోకువైపోతారు. ‘చెయ్యి తియ్యి’, ‘వెనక ఎందుకొస్తున్నావ్’ అని వాడు చేస్తున్న పనినే గట్టిగా చెబితే చుట్టుపక్కల వాళ్లకు విషయం అర్థమవుతుంది. ఊరికే అరిస్తే భార్యాభర్తల గొడవేమోలే అనుకుని పక్కకు జరిగేవాళ్లే ఎక్కువ. ఇంటిదాకా వెంటబెట్టుకుపోకుండా మెడికల్ షాపులోకో టిఫిన్ సెంటర్‌లోకో దారి మళ్లించుకోండి. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్ మఫ్టీలో తిరిగేది ఇలాంటి వాళ్ల కోసమే. వెంటపడడం న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం.

అపోహ: జనం చోద్యం చూస్తారు తప్ప ఎవరూ రారు.

ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని అక్కడి పేపరు రాసింది. ఆ కథ లోకమంతా పాకి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ కథనంలో తప్పులున్నాయని ఆ పత్రికే తర్వాత ఒప్పుకుంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల సీసీ కెమెరాల్లో దొరికిన 219 వీధి గొడవలను పరిశోధకులు చూశారు. పదింట తొమ్మిదింటిలో కనీసం ఒకరైనా కలగజేసుకున్నారు.

చిక్కల్లా అందరినీ కలిపి పిలవడంలో ఉంది. ‘ఎవరైనా రండి’ అంటే ఎవరో వస్తారులే అని ప్రతివాడూ అనుకుంటాడు. ‘నీలం చొక్కా అన్నా, 112కి ఫోన్ చేయండి’ అంటే ఆ నీలం చొక్కా ఇక తప్పించుకోలేడు. చూసేవాడు మీరైతే రౌడీతో తలపడక్కర్లేదు. ఇరుక్కున్న అమ్మాయి పక్కకు వెళ్లి, ఎప్పటినుంచో తెలిసినట్టు ‘అక్కా, మన బస్సు పోయిందా, ఎంతసేపైంది వచ్చి?’ అని పలకరిస్తే చాలు. వాడి రంగస్థలం మీద పిలవని పాత్ర వచ్చి పడుతుంది.

అపోహ: తర్వాత చేతులు వణికాయంటే పిరికివాడే.

అది అడ్రినలిన్ చేసే పని. మాట తడబడడం, నోరెండిపోవడం, కాళ్లు తేలిపోవడం ధైర్యవంతుడికీ తప్పవు. అది దిగేదాకా బండి నడపకుండా ఎక్కడైనా కూర్చుని నీళ్లు తాగండి. బండి నంబరు, వాడి ఆనవాళ్లు, టైము ఫోన్‌లో రాసుకోండి. తీవ్రమైన నేరమైతే జీరో ఎఫ్ఐఆర్ ఉంది, ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. అసలు ముప్పు ఈ గంటలోనే పొంచి ఉంటుంది. ఇంతసేపూ ఓపిక పట్టిన మనిషికి ‘అప్పుడు ఇలా అనాల్సింది’ అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తాయి. నలుగురు స్నేహితులకు ఫోన్ చేస్తాడు. వాళ్లు రెండు బండ్ల మీద వస్తారు. అవతలివాడూ ఈపాటికి అదే పని చేసి ఉంటాడు.