మన గంటల లెక్క మన దగ్గరే

ఇంటిపట్టునే ఉండి అనువాదాలు చేసేవారు, లెక్కలు రాసిపెట్టేవారు మనలో ఎందరో ఉన్నారు. తీరా పని అయ్యాక "ఎన్ని గంటలు పట్టిందండీ?" అని అడిగితే తడుముకుంటాం. పాలవాడి లెక్క కేలెండరు మీద రోజూ వేసుకుంటాం గానీ, మన శ్రమ లెక్క మాత్రం రాసుకోం!

అందుకోసమే క్లాకిఫై, టాగుల్ ట్రాక్ వంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. ఫోనులోనూ పనిచేస్తాయి. మొదట్లో డబ్బు కట్టనక్కరలేదు. ముందుగా పని ఇచ్చినవారి పేరు, దానికింద ప్రాజెక్టు పేరు వేసుకోండి. పనికి కూర్చోగానే మీట నొక్కండి. కుక్కరు కూతవేసిందని లేచారా, ఆపేయండి. మరచిపోతే తరువాత చేత్తో ఎక్కించుకోవచ్చు. దిద్దుబాట్లకు, ఫోను మాటలకు పట్టిన సమయానికీ డబ్బు కట్టాలా లేదా అన్నది ముందే మాట్లాడుకోండి.

వారం చివర రిపోర్టు తీస్తే మొత్తం కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త సుమండీ! 7 గంటల 30 నిమిషాలంటే గుణించేటప్పుడు 7.30 కాదు, 7.5. గంటకు 200 రూపాయల చొప్పున 1,500 రావాలి. 7.30తో గుణిస్తే 1,460 వస్తుంది. 40 రూపాయలు పోయినట్టే.

మొదటివారం ఒక్క ప్రాజెక్టుతోనే మొదలుపెట్టి చూడండి. మరోసారి పని ఒప్పుకునేటప్పుడు, మొహమాటం లేకుండా గంటల లెక్క చెప్పగలుగుతారు.