నట్టింట్లో సముద్రం!

*మునేరు ఒడ్డున, ఎర్రటి ఎండల్లో, ముందుగదిలో నెమో ఈదాలంటే ఏం చేయాలి? ఏం చేయకూడదు?*

వత్సవాయి వాళ్లకు మునేరు తెలుసు. జగ్గయ్యపేట వాళ్లకు పాలేరు, కృష్ణా తెలుసు. సముద్రం చూడాలంటే మాత్రం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం కట్టాల్సిందే. అలాంటి మెట్ట ఊళ్లో, టీవీ పక్కన రెండడుగుల గాజుపెట్టెలో సముద్రాన్ని పెంచుకోవచ్చా? నిక్షేపంగా! 2003లో 'ఫైండింగ్ నెమో' సినిమా వచ్చినప్పటి నుంచీ పిల్లలు అడుగుతున్నది ఆ నారింజరంగు చారల చేపనేగా. కాకపోతే మంచినీళ్ల తొట్టిలో గోల్డ్‌ఫిష్‌ను వదిలినంత తేలిక కాదిది. ఓపిక కావాలి, లెక్క కావాలి, కాస్త చట్టమూ తెలియాలి.

ఒకే పెట్టెలో అన్నీ

ఇళ్లలో పగడపు దిబ్బను పెంచే పద్ధతికి దారి చూపినవాడు ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్. సముద్రపు రాళ్లు, గాలిబుడగలు... ఈ రెండింటితోనే నీటిని శుభ్రంగా ఉంచవచ్చని 1961లో రాసి అందరినీ ఆశ్చర్యపరిచాడు. ఇప్పుడు దొరికే 'ఆల్ ఇన్ వన్' తొట్లలో పని ఇంకా సులువు. ముందు భాగంలో చేపలు, వెనకాల సన్నటి అరలు. నీళ్లు ఆ అరల్లోకి జారి, స్పాంజి గుండా వడకట్టుకుని, చిన్న మోటారు తోస్తే మళ్లీ ముందుకొస్తాయి. పైపులు, డబ్బాలు బయటికి కనిపించవు. మొదటిసారి పెట్టేవాళ్లు 60 లీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. నీళ్లు తక్కువయ్యేకొద్దీ చిన్న పొరపాటే పెద్ద ప్రమాదమవుతుంది.

ఉప్పు లెక్క

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే 60 లీటర్లకు రెండు కిలోలకు పైనే. వంటింటి ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం వంటివి సముద్రంలో ఉన్న పాళ్లలోనే కలిపిన ఆక్వేరియం ఉప్పే వాడాలి. ఉప్పు పాళ్లు చూసే రిఫ్రాక్టోమీటరు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

మరి నీళ్లు? ఈ ప్రాంతమంతా సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది అందుకే! బోరునీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పొర కట్టేదీ అందుకే. ఆ నీళ్లు తొట్టిలో పోస్తే లెక్కలన్నీ తప్పుతాయి. ఆర్వో నీళ్లే మేలు. వాటర్‌ప్లాంటు నుంచి టిన్ను తెచ్చుకున్నా టీడీఎస్ మీటరుతో ఒకసారి చూడండి. అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఇంకో కిటుకు. ఎండకు ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తొట్టిలో రెండు లీటర్లు తగ్గితే 35 ఉన్న ఉప్పు 36 దాటుతుంది. కాబట్టి రోజూ తగ్గినంత మేర ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. వారానికోసారి ఆరేడు లీటర్లు తీసేసి, అంతే కొత్త ఉప్పునీరు పోయాలి. ఈ ఒక్క పనికే ఏడాదికి పది పన్నెండు కిలోల ఉప్పు పడుతుంది.

ముందు సూక్ష్మజీవులు, తర్వాతే చేపలు

నీళ్లు పోసిన రోజే చేపలు వదలడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చేపల వ్యర్థం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది వాటికి విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపై అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు రాళ్ల మీద స్థిరపడాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే మొదటి చేప. 60 లీటర్లకు ఒక క్లౌన్‌ఫిష్ జంట, ఒక చిన్న గోబీ, నాలుగైదు నత్తలు చాలు. మేత రోజుకు చిటికెడు. సినిమాలో నీలంరంగు డోరీ ఎంత ముచ్చటగా ఉన్నా అది అడుగు దాకా పెరిగే చేప. చిన్న తొట్టి దానికి జైలే.

క్లౌన్‌ఫిష్‌లో ఒక వింత ఉంది. పుట్టుకతో అన్నీ మగవిగా మారగలిగేవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లకు పైనే బతుకుతుంది. ఇంటికి తెచ్చేముందు ఆ పదేళ్లనూ లెక్కేసుకోండి.

మే నెల పరీక్ష

ఈ తొట్టికి 24 నుంచి 27 డిగ్రీల వేడి చాలు. మన దగ్గర మే నెలలో బయట 45 తాకుతుంది! చలిదేశాల పుస్తకాలు హీటరు కొనమంటాయి. ఇక్కడ కావాల్సింది చల్లబరిచే ఏర్పాటు. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కూజాలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. నడివేసవికి అది చాలదు. ఏసీ గది గానీ, చిల్లరు గానీ తప్పదు. కరెంటు పోతే మోటారు ఆగి నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. మోటారును ఇన్వర్టరుకు కలపండి. అది లాగే కరెంటు బహు కొద్ది.

పగడాలు కొనొచ్చా?

అసలు సంగతి ఇక్కడుంది. నవరత్నాల్లో చోటున్న పగడం రాయి కాదు, ప్రాణి కట్టుకున్న గూడు. పగడపు దిబ్బలు కట్టేది ఆ జాతి చిన్న ప్రాణులే. జగ్గయ్యపేట సున్నపురాయిలో ఉన్న కాల్షియం కార్బొనేటే వాటి ఇల్లు కూడా. మన కోస్తాలో పెద్ద దిబ్బలు లేకపోవడానికి కారణం కృష్ణా గోదావరులే. అవి మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు పగడాలకు పడవు. దేశంలో అవి ఎక్కువగా ఉన్నవి లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్, కచ్ సింధుశాఖల్లో.

వాటిలోని రాతి పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికున్న రక్షణే వాటికీ! వాటితో వ్యాపారం చేస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. దుకాణంలో 'అందరూ కొంటున్నారండీ' అన్నా సరే, ఒప్పుకోవద్దు. దిబ్బల నుంచి విరిచి తెచ్చిన 'లైవ్ రాక్' కూడా వద్దు. కృత్రిమ రాళ్లు దొరుకుతున్నాయి. కొన్ని నెలల్లో వాటిమీదా ప్రాణం అల్లుకుంటుంది. చేపలు కూడా హేచరీలో పుట్టినవే అడగండి. క్లౌన్‌ఫిష్‌ను హేచరీల్లో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే రూపొందించింది.

2024లో ప్రపంచమంతటా సముద్రాలు వేడెక్కి పగడాలు పాలిపోయాయి. మామూలు వేసవి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై, అది వారాలపాటు నిలిస్తే చాలు, వాటికి తిండి పెట్టే సూక్ష్మ నాచు వెళ్లిపోతుంది. తొట్టి ముందు థర్మామీటరు పట్టుకుని 28, 29 అని చదివే పిల్లాడికి ఆ ఒక్క డిగ్రీ విలువ ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.