ఇంగ్లీషులో వినిపించే ఇంటి భాష

పై తరగతుల పిల్లలు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "చదువంతా ఇంగ్లీషులోనే కదా, ఇక తెలుగెందుకు?" వడోద్‌లో ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగానే వినిపిస్తుంది. అంగట్లో గుజరాతీ, ఆటల్లో హిందీ, పరీక్షల్లో ఇంగ్లీషు. తెలుగుకు మిగిలేది వంటిల్లు, అమ్మమ్మతో ఫోను. అమ్మకో నాన్నకో బదిలీ అయితే అంగడి భాష కూడా మారిపోతుంది. మరి ఇంగ్లీషులో పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నవాళ్లు తమ ఇంటి భాషను ఏం చేశారు? జవాబు వాళ్ల దగ్గరే వెతుకుదాం.

ఇంగ్లీషు మన దగ్గరికి వ్యాపారంతో వచ్చింది. ఈస్టిండియా కంపెనీవాళ్లు 1611లో మచిలీపట్నంలో, ఆ వెంటనే 1613లో మన సూరత్‌లో కోఠీలు పెట్టారు. రెండుచోట్లా వాళ్ల కన్ను పడింది నేతబట్టల మీదే. దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశారు. ఊరూరా తిరిగి శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరించడం ఆ పని. బదిలీ కుటుంబాల పిల్లలైన మీకు ఆ తిరుగుడు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఊరివాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడాలి, విన్నది ఇంగ్లీషులోకి తేవాలి. 1829లో రామస్వామి దక్షిణాది కవుల జీవితాలను ఇంగ్లీషులో పుస్తకంగా రాసి కలకత్తాలో అచ్చువేయించారు. ఇంగ్లీషులో పుస్తకం రాసిన తొలి తెలుగువారిలో ఆయన ఒకరు. రాసిన భాష పరాయిదైనా, చెప్పిన విషయం మనది.

హైదరాబాద్‌లో 1879లో పుట్టిన సరోజినీ నాయుడుది బెంగాలీ కుటుంబం, మెట్టినది తెలుగింట. చదువుకోసం ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆమె అక్కడి పూలు, అక్కడి పక్షుల మీదే కవితలు అల్లేవారు. అవి చదివిన ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు, ఇవి మాకు తెలిసినవే, మీ దేశం గురించి రాయండి అని సలహా ఇచ్చాడు. ఆమె ఆ మాట విన్నారు. 1905లో వచ్చిన తొలి సంపుటి 'ది గోల్డెన్ త్రెషోల్డ్'లో పల్లకీ బోయీలు, కోరమాండల్ తీరపు జాలర్లు, నేతగాళ్లు కనిపిస్తారు. అందులో నేతగాళ్ల కవితను సూరత్‌లో ఉన్న మనం తప్పక చదవాలి. పొద్దున పసిబిడ్డకు, సాయంత్రం పెళ్లికూతురికి, రాత్రి చనిపోయినవారికి బట్ట నేస్తారు అందులో. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఈ నగరంలో మరమగ్గాల మీద పనిచేస్తున్న పద్మశాలి కుటుంబాలు మనకు తెలియనివి కావు.

ఇది మన ఒక్కరి కథ కాదు. పొరుగున ఉన్న పాకిస్తాన్‌లోనూ ఇంగ్లీషు సాహిత్యం ఇలాగే ఎదిగింది. దాని గురించి చెప్పేవాళ్లు తరచు అహ్మద్ అలీ నవల 'ట్విలైట్ ఇన్ ఢిల్లీ'తో మొదలుపెడతారు. అది 1940లో లండన్‌లో అచ్చయింది. అప్పటికి పాకిస్తాన్ అనే దేశమే లేదు! ఉర్దూలో కథలు రాసిన అలీ, పాత ఢిల్లీ జీవితాన్ని ప్రపంచానికి చూపడానికి ఇంగ్లీషును ఎంచుకున్నారు. దేశవిభజన తరువాత కరాచీలో స్థిరపడ్డారు. కరాచీలో పుట్టి లాహోర్‌లో పెరిగిన బాప్సీ సిధ్వా పార్సీ. ఆమె ఇంటి భాష ఏమిటో తెలుసా? ఇక్కడ మనం రోజూ వినే గుజరాతీ! 1978లో వచ్చిన ఆమె నవల పేరు 'ది క్రో ఈటర్స్', అంటే కాకుల్ని తినేవాళ్లు. అతిగా మాట్లాడేవాళ్లను కాకులు తిన్నారా అని వేళాకోళం చేయడం వాళ్ల ఇంటి నుడికారం. మనం కాకిగోల అనడం లేదూ? ఇంటిమాటే ఇంగ్లీషు నవలకు పేరైంది.

అయితే ఇంగ్లీషులో రాయడంలో లాభమే కాదు, నష్టమూ ఉంది. రాయప్రోలు సుబ్బారావు గారు భావకవిత్వానికి దారి వేసిన కవి. ఏ దేశం వెళ్లినా తల్లినేలను మరవవద్దని పాడినవారు. ఆయన కుమారుడు ఇంగ్లీషులో కవి అయ్యారు. ఇంటిపేరు చివరి ఉకారం వదిలి శ్రీనివాస్ రాయప్రోల్ అయ్యారు. ఉద్యోగరీత్యా ఇంజనీరు. 1956 నుంచి 1961 దాకా 'ఈస్ట్ అండ్ వెస్ట్' అనే పత్రిక నడిపారు, 1968లో కవితాసంపుటి తెచ్చారు. కానీ తెలుగువాళ్లలో తండ్రిగారి పద్యాలు విన్నవారు ఎందరో, కొడుకు కవితలు చదివినవారు కొందరే. ఇంగ్లీషు దూరదేశాల తలుపు తెరుస్తుంది. ఒక్కోసారి సొంత ఇంటి తలుపు ఓరగా మూస్తుంది.

ఆ తలుపును తిరిగి తెరిచినవారూ ఉన్నారు. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన సుజాత గిడ్ల 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' ప్రచురించారు. శివసాగర్‌గా పేరొందిన కవి, మేనమామ కె.జి. సత్యమూర్తి గారి జీవితం, తల్లి జీవితం, ఒక దళిత కుటుంబం పడిన అవమానాలు, చేసిన పోరాటాలు అందులో ఉన్నాయి. పుస్తకం కోసం ఆమె ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఎన్నో గంటలు అడిగి, విని, రికార్డు చేసుకున్నారు. పెద్దవాళ్ల మాట అర్థం కాకపోతే ఆ పుస్తకమే లేదు.

కాబట్టి పిల్లలూ, రేపు మీరు ఏ భాషలో రాస్తారన్నది మీ ఇష్టం. ఇంగ్లీషులో రాస్తే మాకూ సంతోషమే. కానీ రాయడానికి సరుకు కావాలి, అది ఇంట్లో ఉంది. ఈ సెలవుల్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి, వాళ్లు చేసిన పనుల్లోని మాటలు ఓ పది తెలుగులోనే రాసుకోండి. నేతవారింటి పిల్లలకు పడుగు, పేక, కండె దొరుకుతాయి. రైతుల ఇళ్లలో ఇంకేవో దొరుకుతాయి. ఇంటి సామాను లారీలో వస్తుంది. ఈ మాటలు మాత్రం మీరు మోసుకెళ్తేనే తరువాతి ఊరికి వస్తాయి.