క్లయింట్ సర్టిఫికెట్

సర్వర్‌కు కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్ తానెవరో దానికి రుజువు చేసుకునేందుకు చూపే డిజిటల్ గుర్తింపు పత్రమే క్లయింట్ సర్టిఫికెట్. ఫైళ్లు పంపుకునేందుకు 1971లో అభయ్ భూషణ్ రూపకల్పన చేసిన ఎఫ్‌టీపీ విధానంలో పాస్‌వర్డ్ సైతం బాహాటంగానే వెళ్లేది. దానికి సమాచారాన్ని గుప్తీకరించే టీఎల్ఎస్ రక్షణ తొడిగిన ఎఫ్‌టీపీఎస్ విధానానికి 2005లో ప్రమాణం ఖరారైంది.

మామూలుగా సర్వర్ ఒక్కటే సర్టిఫికెట్ చూపుతుంది. క్లయింట్ సర్టిఫికెట్ వాడితే తనిఖీ రెండువైపులా ఉంటుంది. పైథాన్‌లో ‘లోడ్ సర్ట్ చైన్’ ఫంక్షన్‌కు సర్టిఫికెట్, ప్రైవేట్ కీ ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పి, ఆ అమరికను కనెక్షన్‌కు జతచేస్తే సరి. ప్రైవేట్ కీ మాత్రం మన కంప్యూటర్ దాటదు. దానితో చేసిన సంతకమే సర్వర్‌కు చేరుతుంది. అందుకే దొంగిలించిన పాస్‌వర్డ్ ఒక్కదానితో ఎవరూ చొరబడలేరు.

కీని కోడ్‌లోనే రాసి అందరికీ కనిపించేచోట పెడితే ఈ రక్షణంతా వృథా. కీని భద్రంగా దాచండి, సర్టిఫికెట్ గడువు తీరకముందే మార్చండి.